కుడి కర్ణికలో ఆరు సెంటీమీటర్ల గడ్డ, ఆపరేషన్ లేకుండా: ఒక కేస్ స్టడీ

గుండె ఎకో (అల్ట్రాసౌండ్) రిపోర్టు చివర "కుడి కర్ణికలో పెద్ద గడ్డ, క్లాటా ట్యూమరా?" అని రాసి ఉంటే చదివినవాళ్ల చెయ్యి తనంతట తానే ఏదో ఒక వైపుకి పోతుంది. క్లాట్ అనుకుంటే రక్తం పలచబరిచే హెపారిన్ వైపుకి, ట్యూమర్ అనుకుంటే సర్జన్ ఫోన్ నంబరు వైపుకి. ఈ పేషెంట్ మా దగ్గరికి వచ్చేసరికి మొదటిది నడుస్తూనే ఉంది, రెండోదానికి ఇంట్లోవాళ్లు మనసులో సిద్ధపడిపోయి వచ్చారు. రెండూ ఆయనకి అక్కర్లేదు. ఎందుకు అక్కర్లేదో, అది తేల్చుకోవడానికి ఏం చేశామో, ఎక్కడెక్కడ టెన్షన్ పడ్డామో రాస్తున్నాను. ఆయన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

వయసు 61. బీపీకి ఆమ్లోడిపిన్ ఒక్కటే వేసుకుంటారు, షుగర్ లేదు, సిగరెట్ అలవాటు లేదు. నెల పైనుంచి ఆయాసం. మొదట మెట్లెక్కితే, తర్వాత నాలుగడుగులు నడిస్తే, చివరికి చెప్పుల పట్టీ పెట్టుకోవడానికి వంగినా కూడా. వంగినప్పుడు మొహంలోకి రక్తమంతా వచ్చి నిలిచిపోయినట్టు ఉంటుందన్నారు. పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బు, సాయంత్రానికి కాళ్ల వాపు, రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోవడం. ఒకసారి బాత్రూమ్‌లో కళ్లు తిరిగి గోడ పట్టుకుని నిలబడ్డారు. ముందు గ్యాస్ అన్నారు, తర్వాత ఉబ్బసం అని ఇన్హేలర్ ఇచ్చారు, వాపు చూసి ఫ్యూరోసెమైడ్ అనే మూత్రం మందు కలిపారు. అది వేసుకున్నాక నీరసం ఇంకా పెరిగింది. రాత్రిళ్లు బనియను తడిసేంత చెమటలు పడుతున్నాయని మాత్రం మేం అడిగేదాకా చెప్పలేదు, దాన్ని ఆయన జబ్బు లెక్కలో వెయ్యలేదు. బరువు తగ్గలేదని కూడా అన్నారు. ఒంటికి నీరు పట్టిన మనిషి విషయంలో కాటాని నమ్మకూడదు, చొక్కా విప్పితే భుజాల దగ్గర కండ ఎంత కరిగిపోయిందో కనపడింది.

బీపీ 96/70, నాడి 110. కూర్చోబెట్టినా మెడ సిరలు చెవి తమ్మె దాకా ఉబ్బి ఉన్నాయి. ఊపిరి పీల్చినప్పుడు పై బీపీ 16 మిల్లీమీటర్లు పడిపోతోంది. గుండె చప్పుడు మందంగా వినిపిస్తోంది, కాలేయం చేతికి తగులుతోంది, మెడలో, చంకల్లో బిళ్లలు లేవు. ఊపిరితిత్తులు మాత్రం పూర్తిగా క్లియర్. ఎడమ వైపు గుండె దెబ్బతిని ఇంత ఆయాసం వస్తే ఊపిరితిత్తుల్లో నీటి చప్పుడు వినపడాలి. అది లేదంటే రక్తం గుండెలోకి చేరే దారిలోనే అడ్డం ఉందని అర్థం. అలాంటి గుండె సిరల్లో ప్రెషర్ ఎక్కువగా ఉంటేనే ఎలాగోలా నిండుతుంది, మూత్రం మందు ఇచ్చి ఆ ప్రెషర్ తగ్గిస్తే ఆ కాస్త నిండటం కూడా పోయి బీపీ పడుతుంది. ఆయన నీరసం పెరిగింది అందుకే.

ఈసీజీ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఈ కేసులో మొదటి నిజం అక్కడే ఉంది. గీతలన్నీ చిన్నచిన్నగా ఉన్నాయి, సరే, గుండె చుట్టూ నీరు ఉంటే అలాగే ఉంటాయి. కానీ పీఆర్ ఇంటర్వెల్, అంటే కర్ణిక (పై గది) నుంచి జఠరికకి (కింది గది) కరెంటు చేరడానికి పట్టే సమయం, 260 మిల్లీసెకన్లు. మామూలుగా 200 దాటకూడదు. గుండె పొరలో నీరు చేరినంత మాత్రాన పీఆర్ పెరగదు. ఆమ్లోడిపిన్ పెంచదు. పాత ఈసీజీ ఒకటి ఇంట్లో దొరికితే తెప్పించాం, అందులో 160 ఉంది. అంటే ఏదో ఒకటి కర్ణిక నుంచి జఠరికకి కరెంటు వెళ్లే దారిలోకి పాకుతోంది. క్లాట్ అలా పాకదు. గుండె గదిలో తేలే వస్తువుకీ గోడలోకి చొచ్చుకుపోయే వస్తువుకీ తేడా కొన్నిసార్లు స్కాన్ కన్నా ముందు ఈసీజీయే చెప్తుంది, కానీ గడ్డ బొమ్మ ఒకటి స్క్రీన్ మీద కనపడ్డాక ఈసీజీని ఎవరూ మళ్లీ తిరగేసి చూడరు.

ఎకోలో గుండె చుట్టూ బాగా నీరు, కుడి జఠరిక డయాస్టోల్‌లో (సడలి నిండే సమయంలో) లోపలికి నొక్కుకుపోతోంది. మామూలుగా టాంపనేడ్‌లో (చుట్టూ నీరు చేరి గుండెని నొక్కేసినప్పుడు) కుడి కర్ణిక దానికన్నా ముందే నలగాలి. ఇక్కడ అది నలగలేదు, ఎందుకంటే దాని గోడ గడ్డతో బిగుసుకుపోయి ఉంది. గడ్డ కొలత 6.1 బై 4.7 సెంటీమీటర్లు, కుడి కర్ణిక బయటి గోడ మీద వెడల్పుగా పరుచుకుని, కర్ణికా జఠరికల మధ్య గాడిలోకి దిగి, ఆ రెండిటి మధ్య ఉండే ట్రైకస్పిడ్ వాల్వ్ దారిని సగం మూసేసింది. కాడ లేదు. కర్ణికల మధ్య గోడలో ఫోసా ఒవాలిస్ అనే గుంట శుభ్రంగా ఉంది. కాంట్రాస్ట్ ఎకో చేస్తే గడ్డ లోపలికి బుడగలు వెళ్లాయి, అంటే దానికి సొంత రక్తనాళాలు ఉన్నాయి. క్లాట్‌కి ఉండవు. హెపారిన్ అప్పటికే ఆపించాం. గోడని తినేస్తున్న గడ్డ, పక్కనే గుండె పొరలో నీరు, ఆ నీరు రక్తమో కాదో తెలియదు, ఆ స్థితిలో రక్తం పలచబరిచే మందు నడపడం నాకు అసలు నచ్చదు.

అదే ప్రోబ్‌ని కడుపు మీద పెట్టి కిడ్నీలు, కాలేయం, ఇన్‌ఫీరియర్ వీనా కావా (కింది ఒంటి నుంచి గుండెకి రక్తం తెచ్చే పెద్ద సిర) చూశాం. ఇది రెండు నిమిషాల పని, చాలామంది మర్చిపోతారు. కిడ్నీ క్యాన్సర్, ఒక్కోసారి కాలేయ క్యాన్సర్ ఆ సిర వెంబడి పాకుతూ వచ్చి కుడి కర్ణికలో తల బయటపెడతాయి, అప్పుడు కథ మొత్తం వేరు. అసలు గుండెలోనే పుట్టే గడ్డలు చాలా అరుదు, పోస్ట్‌మార్టం లెక్కల్లో తరచూ చెప్పే సంఖ్య 0.02 శాతం చుట్టూ ఉంటుంది. వేరేచోట పుట్టి గుండెకి పాకేవి దానికి కనీసం 20 రెట్లు. కాబట్టి గుండెలో గడ్డ కనపడితే ముందు ఒళ్లంతా వెతకాలి. ఈయన కిడ్నీలు, కాలేయం, సిర అన్నీ మామూలుగానే ఉన్నాయి.

నీరు తీశాం. 650 మిల్లీలీటర్లు, నల్లెరుపు రంగు, గిన్నెలో గడ్డకట్టలేదు. బీపీ అరగంటలో 118కి వచ్చింది, ఆయన ఆ రోజు చాలా కాలం తర్వాత పడుకుని నిద్రపోయారు. ఆ నీటిని ఏం చెయ్యాలన్నదాని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. పది మిల్లీలీటర్లు సైటాలజీకి (కణాల పరీక్షకి) పంపి మిగతాది పారబోయడం చాలాచోట్ల అలవాటు. మేం ఎక్కువ మొత్తం సెల్ బ్లాక్‌కి (కణాలని ముద్దగా చేర్చి కోసి చూడటానికి), కొంత తాజాగా ఫ్లో సైటోమెట్రీకి (బతికున్న కణాల రకం గుర్తుపట్టే పరీక్షకి), కొంత టీబీ పరీక్షలకి విడివిడిగా పంపాం. అయినా సమాధానం పూర్తిగా రాలేదు. "పెద్ద సైజు అసహజ కణాలు ఉన్నాయి, చాలావరకు చితికిపోయాయి, రకం తేల్చలేం" అని వచ్చింది. ఫ్లోకి బతికున్న కణాలు సరిపోలేదు. టీబీ నెగెటివ్.

ఆ సాయంత్రం ఒక ప్రమాదం తప్పింది. సీఆర్‌పీ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌ని చూపే రక్తపరీక్ష) ఎక్కువగా ఉంది, గుండె పొర ఎర్రబడి ఉంది, "ఈలోపు కొంచెం ప్రెడ్నిసలోన్ స్టెరాయిడ్ మొదలుపెడదామా సార్, పెరికార్డైటిస్‌కి పనికొస్తుంది కదా" అని డ్యూటీలో ఉన్న రెసిడెంట్ అడిగాడు. అడిగి మంచిపని చేశాడు, అడగకుండా రాసి ఉంటే మా పని అయిపోయేది. ఆ గడ్డ లింఫోమా (ఒక రకం తెల్లకణాల్లో పుట్టే క్యాన్సర్) అయ్యే అవకాశం ఏ కొంచెం ఉన్నా బయాప్సీకి ముందు స్టెరాయిడ్ ఇవ్వకూడదు. లింఫోమా కణాలు స్టెరాయిడ్‌కి కరిగిపోతాయి, రెండు మూడు రోజుల్లోనే. గడ్డ చిన్నదవుతుంది, అందరూ సంతోషిస్తారు, తర్వాత తీసిన ముక్కలో చచ్చిన కణాలు తప్ప ఏమీ దొరకవు, మళ్లీ గడ్డ పెరిగేదాకా కూర్చోవాలి. కేస్ షీట్ మొదటి పేజీలో "బయాప్సీ అయ్యేదాకా స్టెరాయిడ్ వద్దు" అని పెద్ద అక్షరాలతో రాయించాను.

ఎంఆర్ఐలో ఆ గడ్డ టీ1 రకం బొమ్మలో కండరంతో సమానంగా, టీ2 రకం బొమ్మలో కొంచెం తెల్లగా, గాడోలినియం అనే కాంట్రాస్ట్ మందు ఇచ్చాక అక్కడక్కడా కొద్దిగా మాత్రమే వెలిగింది. కుడి కరొనరీ ధమని గడ్డ మధ్యలోంచే వెళ్తోంది, చుట్టూ గడ్డ కమ్ముకుని ఉంది, కానీ ధమని నలగలేదు, సన్నబడలేదు, సీటీలో దాని గీత నున్నగా ఉంది. ఈ ఒక్క బొమ్మ దగ్గర మేం చాలాసేపు ఆగాం. కుడి కర్ణికలో పెద్దవాళ్లకి వచ్చే ప్రాథమిక క్యాన్సర్ అనగానే మొదట గుర్తొచ్చేది రక్తనాళ కణాల్లో పుట్టే ఆంజియోసార్కోమా. అది కూడా ఇదే గోడ మీద, ఇదే గాడిలో, ఇలాగే రక్తం కలిసిన నీటితో వస్తుంది. కానీ ఆంజియోసార్కోమా సాధారణంగా లోపల రక్తస్రావాలతో, కుళ్లిన భాగాలతో చిందరవందరగా ఉంటుంది, పక్కనున్నవాటిని చీల్చుకుంటూ పోతుంది, దొరికేసరికే చాలామందిలో ఊపిరితిత్తులకి చేరి ఉంటుంది. ఈ గడ్డ ఒకే తీరుగా, మెత్తగా, ఉన్న నిర్మాణాలని పాడుచెయ్యకుండా వాటి చుట్టూ నిండిపోయింది. లింఫోమా అలా చేస్తుంది. రక్తంలో ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ బాగా ఎక్కువగా, 640 ఉండటం కూడా అటే మొగ్గింది.

పెట్-సీటీకి (గ్లూకోజ్ ఎక్కువ తినే కణాలు వెలిగి కనపడే స్కాన్) ముందు ఒక చిన్న విషయం చూసుకోవాలి. గుండె కండరం మామూలుగానే గ్లూకోజ్ తింటుంది కాబట్టి స్కాన్‌లో గుండె మొత్తం మెరుస్తుంది, గడ్డ ఏదో కండ ఏదో తెలియదు. అందుకే ముందు రోజు పిండి పదార్థాలు పూర్తిగా మానేసి, కొవ్వు ఎక్కువున్న ఆహారం పెట్టి, తర్వాత 12 గంటల పైన ఉపవాసం ఉంచాలి. డైటీషియన్‌తో కూర్చుని రాయించాం. గుండె కండ చల్లగా, గడ్డ మాత్రం ఎస్‌యూవీ (ఆ వెలుగు కొలత) 21తో మండుతూ కనపడింది. ఒంట్లో ఇంకెక్కడా ఏమీ లేదు.

సర్జన్‌తో వాదన

మా సర్జన్ గారి ప్లాన్ సిద్ధంగా ఉంది: హార్ట్-లంగ్ మెషిన్ మీద కర్ణిక గోడని గడ్డతో సహా కోసేసి, పశువుల పెరికార్డియం ప్యాచ్‌తో గోడ కట్టి, అవసరమైతే ట్రైకస్పిడ్ వాల్వ్ మార్చి, కుడి కరొనరీకి బైపాస్ వెయ్యడం. చెయ్యగలిగినవారే. ఆయన వాదనలో బలం ఉంది. గుండె గడ్డల చరిత్రే ఆపరేషన్ల చరిత్ర. 1954లో స్టాక్‌హోమ్‌లో క్లారెన్స్ క్రాఫోర్డ్ హార్ట్-లంగ్ మెషిన్ సాయంతో ఎడమ కర్ణికలోని మిక్సోమాని (క్యాన్సర్ కాని గడ్డ) తీసి రోగిని బతికించాక, గుండెలో గడ్డ అంటే తీసెయ్యాల్సిందే అన్నది అందరికీ స్థిరపడిపోయింది. మిక్సోమాకి అదే సరైనది కూడా. ఎడమ కర్ణికలో ఫోసా ఒవాలిస్ దగ్గర కాడతో వేలాడే గడ్డ కనపడితే బయాప్సీ గియాప్సీ అనుకుంటూ కూర్చోకూడదు, దాన్ని ముట్టుకుంటే ముక్క విరిగి మెదడుకి పోతుంది, వీలైనంత త్వరగా తీయించడమే. వాల్వ్ మీద వచ్చే పాపిల్లరీ ఫైబ్రోఎలాస్టోమా పెద్దదిగా ఉండి, ఎడమ వైపు ఊగుతూ ఉంటే అదీ అంతే.

కానీ గుండె గడ్డలన్నీ ఒక్క జాతి కాదు. పసిపిల్లల్లో వచ్చే రాబ్డోమయోమా చాలావరకు దానంతట అదే కరిగిపోతుంది, రక్తప్రవాహానికి అడ్డం పడకపోతే ముట్టుకోకూడదు. పెద్దవాళ్లలో లింఫోమాకి కత్తి పనికిరాదు. సగం గడ్డ తీసినా ఆయుష్షు పెరగదు, పైగా ఛాతీ కోసిన గాయం మానేదాకా కీమో ఆగాలి, ఆ వారాల్లో మిగిలిన సగం మళ్లీ నిండుతుంది. ఒకవేళ ఆంజియోసార్కోమా అయితే? అప్పుడు కూడా ముందే పేరు తెలిస్తే మంచిదే, మొత్తం తీయగలమా లేదా, ముందు కీమో ఇచ్చి కుదించాలా అన్నది కూర్చుని ఆలోచించుకోవచ్చు. "రెండు దారుల్లోనూ బయాప్సీ వల్ల మనకి నష్టం లేదు, చెయ్యకపోతే ఒక దారిలో ఆయనకి అనవసరంగా గుండె కోస్తాం" అన్నాను. "ముక్క తీసేటప్పుడు గోడ చిరిగితే?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. "మీరు థియేటర్ రెడీగా పెట్టుకుని పక్కన ఉండండి" అని బతిమాలాను. ఉన్నారు.

ఇంట్లోవాళ్లకి చెప్పడం ఇంకా కష్టమైంది. "గడ్డ ఉందంటున్నారు, తియ్యరంటున్నారు, అంటే చెయ్యి దాటిపోయిందా డాక్టర్‌గారూ?" అని ఆయన కూతురు సూటిగా అడిగింది. ఆపరేషన్ చెయ్యడం లేదంటే ఆశ లేదని అర్థం చేసుకుంటారు, అది ముందే ఊహించి మాట్లాడాలి. "అమ్మా, ఇది మందులకి కరిగే రకం కావచ్చని మా అనుమానం, అదే అయితే కొయ్యడం కన్నా మందే బాగా పనిచేస్తుంది, ఆ సంగతి తేలడానికే ముక్క తీస్తున్నాం" అని చెప్పాను. పేషెంట్ మాత్రం "ఏదైనా సరే, త్వరగా తేల్చండి" అన్నారు, అంతే.

బయాప్సీ తొడ సిర గుండా, ఈసోఫేజియల్ ఎకో (అన్నవాహికలోంచి తీసే ఎకో) చూస్తూ చేశాం. ఎక్స్‌రే ఒక్కదాన్నే నమ్ముకుని ఈ పని చెయ్యకూడదు, ఫోర్సెప్స్ నోరు గడ్డ లావుగా ఉన్న చోట ఉందా పలచటి గోడ మీద ఉందా అన్నది ఎకోలోనే తెలుస్తుంది. పైపొర చచ్చిన కణజాలం కావచ్చు కాబట్టి ఒకే చోట కాకుండా నాలుగైదు చోట్ల తీశాం. పాథాలజిస్ట్ క్యాథ్ ల్యాబ్‌లోనే ఉండి, మొదటి ముక్కని గాజుపలక మీద అద్ది చూసి "బతికున్న కణాలు ఉన్నాయి, ఇంకో రెండు ఇవ్వండి" అన్నారు. అవి తాజాగా ఫ్లోకి, మిగతావి ఫార్మలిన్‌లోకి. గుండె పొరలో కొత్తగా నీరు రాలేదు.

రిపోర్ట్: పెద్ద కణాలు పరుపులా పరుచుకుని ఉన్నాయి. బీ-కణాల గుర్తులైన సీడీ20, సీడీ79ఏ, వాటితోపాటు బీసీఎల్6 పాజిటివ్. టీ-కణాల గుర్తు సీడీ3, కెరాటిన్ నెగెటివ్. రక్తనాళ కణాల గుర్తులైన సీడీ31, ఈఆర్‌జీ నెగెటివ్, అంటే ఆంజియోసార్కోమా కాదు. కేఐ-67 దాదాపు 90 శాతం, అంటే దాదాపు కణాలన్నీ విభజనలో ఉన్నాయి. మిక్, బీసీఎల్2 జన్యువుల తారుమారు ఫిష్ అనే జన్యు పరీక్షలో లేదు. డిఫ్యూజ్ లార్జ్ బీ-సెల్ లింఫోమా. ఎముక మజ్జ శుభ్రం, హెచ్ఐవీ నెగెటివ్. గుండెలోనే పుట్టిన గడ్డల్లో లింఫోమా వాటా ఒకటి రెండు శాతమే, కాబట్టి సర్జన్ గారు మొదట దాన్ని లెక్కలోకి తీసుకోకపోవడంలో తప్పేమీ లేదు.

పేస్‌మేకర్ వెయ్యాలా

రిపోర్ట్ వచ్చే లోపల ఒక రాత్రి మానిటర్ మీద కంప్లీట్ హార్ట్ బ్లాక్ వచ్చింది. పైన కర్ణిక 100తో, కింద జఠరిక 46తో, ఎవరి దారి వారిది. ఐసీయూ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను మొదట అడిగింది క్యూఆర్ఎస్ (ఈసీజీలో జఠరిక బీటు గీత) వెడల్పు ఎంత అని. సన్నగా ఉంది, బీపీ 104, ఆయన మెలకువగా ఉన్నారు, కళ్లు తిరగడం లేదు. సన్నటి క్యూఆర్ఎస్ ఉందంటే కింది బీటు ఏవీ నోడ్ (కర్ణిక నుంచి జఠరికకి కరెంటు దాటే చోటు) దగ్గర్లోంచే పుడుతోంది, అది కొంత నమ్మదగినది. క్యూఆర్ఎస్ వెడల్పుగా ఉండి రేటు ముప్పైల్లో ఉంటే వేరే మాట లేదు, ఆ క్షణమే వైర్ వెయ్యాలి.

పేస్‌మేకర్ ఎందుకు వెంటనే పెట్టలేదని తర్వాత మావాళ్లే అడిగారు. వైరు వెళ్లాల్సింది ఆ కర్ణికలోంచే, గడ్డని రాసుకుంటూ. విరిగిన ముక్క ఊపిరితిత్తికి పోతుంది. పర్మనెంట్ లీడ్ ఒకసారి వేశాక తర్వాత గడ్డ కరిగితే అది అక్కర్లేని ఇనుమై ఒంట్లో ఉండిపోతుంది, కీమోతో తెల్లకణాలు పడిపోయినప్పుడు దానికి ఇన్ఫెక్షన్ రావడం ఇంకో తలనొప్పి. లింఫోమా వల్ల వచ్చిన బ్లాక్ వైద్యంతో వెనక్కి తగ్గిన సందర్భాలు చాలానే రాసి ఉన్నాయి. అందుకని ఛాతీ మీద పేసింగ్ ప్యాడ్లు అంటించి, గుండె వేగం పెంచే ఐసోప్రెనలిన్ పక్కన పెట్టుకుని, తొడ సిరలో షీత్ (వైర్ దూర్చే గొట్టం) వేసి ఉంచి, కాపలా కాశాం. ఇది అందరికీ చెప్పే సలహా కాదు, రాత్రంతా మంచం పక్కన వైర్ వెయ్యగలిగిన మనిషి ఉన్న ఐసీయూలో మాత్రమే చెయ్యాల్సిన పని.

వైద్యం

ఆర్-చాప్. రిటుక్సిమాబ్, సైక్లోఫాస్ఫమైడ్, డాక్సోరుబిసిన్, విన్‌క్రిస్టిన్, ప్రెడ్నిసలోన్, మూడు వారాలకోసారి. ఈ రకం లింఫోమాకి చాప్‌తో రిటుక్సిమాబ్ కలిపితే ఎక్కువమంది బతుకుతున్నారని 60 నుంచి 80 ఏళ్లవాళ్ల మీద చేసిన ట్రయల్ 2002లో అచ్చయ్యాక ఇది స్టాండర్డ్ అయింది. మందుల్లో కొత్త ఏమీ లేదు. గడ్డ ఉన్న చోటే సమస్య. గోడ మందం మొత్తం లింఫోమాయే అయిపోయిన చోట కండ మిగిలి లేదు. చెదలు పట్టిన చెక్కలో మట్టి ఒక్కసారి దులిపేస్తే మిగిలేది బొక్కే కదా, కీమో మరీ వేగంగా పనిచేస్తే ఇక్కడా అదే భయం, గోడ చిల్లుపడి నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. కాబట్టి ముందు ప్రెడ్నిసలోన్ ఒక్కటే రోజుకి 100 మిల్లీగ్రాములు ఐదు రోజులు, ఐసీయూలోనే, రోజూ ఎకో చూస్తూ. తర్వాత మొదటి సైకిల్‌ని తగ్గించిన డోసులో ఇచ్చాం, డాక్సోరుబిసిన్ చదరపు మీటరుకి 50కి బదులు 25 మిల్లీగ్రాములు. రిటుక్సిమాబ్ చాలా నెమ్మదిగా ఎక్కించాం, ఎక్కేటప్పుడు బీపీ పడేసే మందు అది, ఆమ్లోడిపిన్ ముందే ఆపాం. రెండో సైకిల్ నుంచి పూర్తి డోసు.

గడ్డ కణాలు ఒక్కసారిగా చస్తే యూరిక్ యాసిడ్, పొటాషియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి. మామూలు లింఫోమాలో అయితే సెలైన్ ధారాళంగా పోస్తాం. ఈయనకి కుడి గుండె దారి సగం మూసుకుని ఉంది కాబట్టి ఎంత పొయ్యాలన్నది మూత్రం, మెడ సిర, ఎకో చూసుకుంటూ పూట పూటకీ తేల్చుకోవాల్సి వచ్చింది. యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్‌తో సరిపోయింది. అదే పనికి ఇంకా బలమైన రాస్బురికేస్ అవసరపడితే వెతుక్కోకుండా జీ6పీడీ అనే ఎంజైమ్ పరీక్ష ముందే చేయించి పెట్టుకున్నాం, అది తక్కువ ఉన్నవాళ్లకి రాస్బురికేస్ ఇస్తే రక్తకణాలు పగిలిపోతాయి.

కార్డియాలజీ నుంచి చదివేవాళ్లకి ఒక మాట. రిటుక్సిమాబ్‌కి ముందు హెపటైటిస్ బీ సర్ఫేస్ యాంటిజెన్ ఒక్కటే చూసి ఊరుకోకండి, కోర్ యాంటీబాడీ కూడా చూడండి. ఈయనకి యాంటిజెన్ నెగెటివ్, కోర్ యాంటీబాడీ పాజిటివ్. ఎప్పుడో వచ్చి తగ్గిపోయిన ఇన్ఫెక్షన్, ఆయనకి తెలియను కూడా తెలియదు. రిటుక్సిమాబ్ ఆ నిద్రపోతున్న వైరస్‌ని లేపుతుంది, లివర్ ఫెయిలై చనిపోయినవాళ్లు ఉన్నారు. హెపటైటిస్ బీని అణిచిపెట్టే ఎంటెకావిర్‌ని రిటుక్సిమాబ్ మొదటి డోసుకి ముందే మొదలుపెట్టాం.

డాక్సోరుబిసిన్ గుండెకి విషం, జబ్బు గుండెలో, మరి ఇవ్వొచ్చా అని ఆంకాలజిస్ట్ అడిగారు. ఎడమ జఠరిక ఎజెక్షన్ ఫ్రాక్షన్ (ఒక్కో బీటుకి బయటికి పంపే రక్తం వాటా) 60 శాతం, స్ట్రెయిన్ (కండ ముడుచుకునే కొలత) మైనస్ 19. ఎడమ జఠరికలో గడ్డ లేదు, దాని పంపింగ్ బాగుంది. ఈ రోగికి డాక్సోరుబిసిన్ ఇవ్వడం కన్నా ఇవ్వకపోవడమే ఎక్కువ ప్రమాదం అన్నది మా ఇద్దరి నిర్ణయం. ఎజెక్షన్ ఫ్రాక్షన్ తక్కువగా ఉంటే దాని చోట ఎటోపోసైడ్ పెట్టుకునేవాళ్లం. ఆరు సైకిళ్లకి కలిపి చదరపు మీటరుకి 275 మిల్లీగ్రాములు అయ్యింది, 450 దాటితేనే గుండె ఫెయిలయ్యే అవకాశం బాగా పెరుగుతుంది కాబట్టి ఇంకా చోటు ఉంది.

ప్రెడ్నిసలోన్ నాలుగో రోజున రెండు పీ వేవ్‌లకి ఒక బీటు రావడం మొదలైంది. మొదటి సైకిల్ అయ్యేసరికి ప్రతి పీకీ ఒక క్యూఆర్ఎస్, పీఆర్ 220. ప్యాడ్లు పీకేశాం, షీత్ తీసేశాం. గడ్డ రెండో సైకిల్‌కి ముందు 3.4 సెంటీమీటర్లు. టెన్షన్ పెట్టింది ఆ తర్వాతి ఎకో: గడ్డ కరిగిన చోట కర్ణిక గోడ పలచబడి చిన్నగా బయటికి ఉబ్బింది. సర్జన్ గారిని పిలిచి చూపించాం, వారానికి రెండుసార్లు ఎకో చేశాం, బీపీ పెరగనివ్వలేదు. పక్కనున్న గుండె పొర అప్పటికే అక్కడ అతుక్కుపోయి ఉండటం వల్లనేమో, ఆ ఉబ్బు పెరగలేదు, నీరు రాలేదు, తర్వాత్తర్వాత మచ్చ కట్టింది. మూడో సైకిల్ తర్వాత తెల్లకణాలు పడిపోయి జ్వరం వచ్చింది, యాంటీబయాటిక్స్‌తో తగ్గింది, అక్కడి నుంచి ప్రతి సైకిల్‌కీ తెల్లకణాలు పెంచే పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ ఇచ్చాం.

మధ్యలో చేసిన పెట్‌లో డోవిల్ స్కోరు (1 నుంచి 5 దాకా, ఎంత తక్కువైతే అంత మంచిది) 2. చివర్లో చేసిన దాంట్లో గుండెలో వెలుగే లేదు. గోడ మీద నాలుగైదు మిల్లీమీటర్ల మందం మిగిలింది, అది మచ్చ. అది చూసి "ఇంకొంచెం ఉంది కదా, రేడియేషన్ ఇచ్చేస్తే పోలా" అన్న ప్రశ్న వచ్చింది. ఇవ్వలేదు. వెలుగు లేని మచ్చ కోసం కరొనరీ ధమనిని, వాల్వ్‌ని రేడియేషన్‌లో పెట్టడం దండగ.

వైద్యం ముగిసిన ఏడాది దాటాక ఆయనకి గుండె దడ వచ్చింది. లింఫోమా తిరగబెట్టిందని ఇంట్లో అందరూ బెదిరిపోయి వచ్చారు. ఈసీజీలో ఏట్రియల్ ఫ్లటర్ (కర్ణిక మరీ వేగంగా కొట్టుకోవడం). ఎకో, పెట్ రెండూ శుభ్రం. గడ్డ పోయిన చోట మిగిలిన మచ్చ చుట్టూ కరెంటు తిరుగుతోంది, అంతే. గడ్డ మానిన కర్ణికలో ఇది రావొచ్చని ముందే చెప్పి ఉంచితే ఇంత భయం ఉండదు, ఇప్పుడు ఇలాంటి పేషెంట్లకి డిశ్చార్జి రోజునే చెప్తున్నాం. కరెంటు తిరిగే దారిని మ్యాపింగ్‌తో గుర్తుపట్టి, అక్కడ కాల్చి ఆపేశాం (అబ్లేషన్). ఆ గోడ మచ్చకట్టి సరిగ్గా ముడుచుకోవడం లేదు కాబట్టి క్లాట్ కట్టకుండా అపిక్సబాన్ కొనసాగుతోంది.

ప్రస్తుతం ఆరు నెలలకోసారి ఎకో, స్ట్రెయిన్, ట్రోపోనిన్ (గుండె కండ దెబ్బతింటే పెరిగే రక్తపరీక్ష), హోల్టర్ (రోజంతా తీసే ఈసీజీ) చూస్తున్నాం. ఎజెక్షన్ ఫ్రాక్షన్ 56 దగ్గర నిలబడింది, పీఆర్ 210. లక్షణాలు లేకుండా మాటిమాటికీ పెట్ చెయ్యడం లేదు. ఎంటెకావిర్‌ని చివరి రిటుక్సిమాబ్ తర్వాత 18 నెలలు నడిపి ఆపాం, ఆపాక ఇంకో ఏడాది పాటు మూడు నెలలకోసారి లివర్ పరీక్షలు, హెపటైటిస్ బీ డీఎన్ఏ పంపుతున్నాం.